పుచ్చిన పగడం

ఆ ఆదివారం పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే: మామగారి అక్వేరియంలో చిటికెడు మేత వేసి, ఇంటికొచ్చి మళ్ళీ పడుకోవడం. మామగారూ అత్తగారూ ఊరికి వెళ్తూ తాళంచెవి చేతిలో పెట్టి, "మేత వెయ్యండి అల్లుడుగారూ, ఇంకేదీ ముట్టుకోకండి" అని మరీమరీ చెప్పారు. ఆ ఉప్పునీటి తొట్టెలో ఆరేళ్ళుగా పెంచుతున్న ఊదారంగు పగడమంటే ఆయనకు పంచప్రాణాలు.

మేత వేస్తుంటే గాజుకు అతుక్కుని వేలిగోరంత స్టార్‌ఫిష్‌లు కనిపించాయి. ఒకటి ఏకంగా పగడం మీదికే ఎక్కింది. దాని పక్కన కొమ్మల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. డాక్టరులో ఇరవయ్యేళ్ళ అనుభవం ఒక్కసారిగా మేలుకుంది.

"పుచ్చు!" అన్నాడు పైకే.

వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. "మీ నాన్న పగడాన్ని పురుగులు కొరికేస్తున్నాయి. పీకెయ్యనా?"

"వద్దంటే మాత్రం ఆగుతారా?" అందావిడ విసుగ్గా. అతగాడు దాన్ని అనుమతిగా తీసుకున్నాడు.

బ్యాగులోంచి పట్టకారు తీసి ఒక్కొక్కదాన్నే పీకి, తొట్టె నీళ్ళు పోసిన గ్లాసులో వేశాడు. పదకొండు వచ్చాయి. పన్నెండోది కొమ్మల సందున దూరింది. దానికోసం మోచేతిదాకా చెయ్యి ముంచేసరికి వాచీ గొలుసు కొమ్మకు చిక్కుకుంది. లాగాడు. ఫట్‌మంది. ఆరేళ్ళ పగడం ఐదు ముక్కలై ఇసుకలో పడింది.

సరిగ్గా అప్పుడే మామగారి ఫోను.

"అల్లుడుగారూ, పగడం కొసలు తెల్లగా కనిపిస్తున్నాయా?"

"కనిపి...స్తున్నాయండీ."

"హమ్మయ్య! ఎదుగుతోందన్నమాట. కొత్త కొస తెల్లగానే వస్తుంది. మీరు కంగారు పడతారేమోనని ఫోన్ చేశాను. ఆ బుల్లి స్టార్‌ఫిష్‌ల్ని కూడా ఏమీ అనకండి. పగడం తినే రకం వేరే ఉంది. మనవి నాచు తప్ప ఇంకోటి ముట్టవు, పాపం. అంతా బాగానే ఉందిగా?"

"దివ్యంగా ఉంది మామయ్యగారూ."

ఫోను పెట్టేశాడు. గ్లాసులోని పదకొండింటినీ తిరిగి తొట్టెలో వదిలాడు. అక్వేరియం షాపుకు పరిగెత్తి జిగురు తెచ్చి ముక్కలు కలపబోతే ఒకదానికొకటి అతకలేదు. చివరికి ఒక్కో ముక్కనీ ఒక్కో రాయికి అతికించి, తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాడు. ఆ మూడు రోజులూ, నోరు తెరిచిన ప్రతి పేషెంటూ తననేదో అడగబోతున్నట్టే అనిపించింది.

బుధవారం సాయంత్రం మామగారు రమ్మన్నారు. వెళ్ళేసరికి తొట్టె ముందు ఆయనలాగే పగడాలు పెంచే స్నేహితులు నలుగురు వంగి చూస్తున్నారు. మామగారి కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఎంత నేర్పుగా విడదీశాడో చూడండి! ముక్కలు చేసి నాటితే ఒకటి ఐదవుతుందని తెలిసి కూడా నాకు చేతులు రాలేదు. మా అల్లుడు చెప్పాపెట్టకుండా చేసిపెట్టాడు!"

డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. ఇక నిజాన్ని కడుపులో దాచుకోలేకపోయాడు.

"మామయ్యగారూ, అది నా తెలివితక్కువ పని. స్టార్‌ఫిష్‌ల్ని పీకబోయి విరగ్గొట్టాను. పైగా ఫోన్లో మీతో అబద్ధమాడాను. నన్ను క్షమించండి."

మామగారు అల్లుణ్ణి ఎగాదిగా చూసి, స్నేహితుల వైపు తిరిగారు.

"చూశారా? చేసిన మంచి చెప్పుకోవడానికి కూడా ఎంత మొహమాటమో!"

నలుగురూ తమ తమ పగడాలకు అక్కడికక్కడే అపాయింట్‌మెంట్లు తీసుకుని మరీ వెళ్ళారు.