పరిశ్రమల ప్రతినిధి

“ఇరవై ఏళ్లుగా కదలని డిగ్రీ సిలబస్‌ను ఇరవై రోజుల్లో పరిగెత్తిస్తాం” అని విద్యామంత్రి గారు ప్రకటించారు. పరిగెత్తించే భారం కాలేజీ ప్రిన్సిపాల్ గారి భుజాన పడింది. పంతొమ్మిది రోజులు దాన్ని మోసి మోసి అలసిపోయి, ఇరవయ్యో రోజున ఆయన సిలబస్ కమిటీని పిలిచారు.

అదే రోజు మీటింగు హాల్లో ఏసీ బాగుచెయ్యడానికి మెకానిక్ వచ్చాడు. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టేసిన మనిషి. కూతురు మాత్రం అదే కాలేజీలో చివరి సంవత్సరం. ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఆ పిల్లకు మెషీన్ల సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాయం చేశారు. ఒకటో తారీకుకల్లా పట్టా తెచ్చి చూపించాలి, అంతే. వాళ్ల ఇంటావంటా పట్టా మొహం చూసినవాళ్లు లేరు గనక మెకానిక్ కాళ్లు నెల రోజులుగా నేలమీద ఆనడం లేదు.

అతను నిచ్చెన మీదుండగా కింద విద్యా సంస్కరణ మొదలైంది.

“ఆరో చాప్టరు పాతబడింది, తీసేద్దామా?” అన్నారు ప్రిన్సిపాల్.

“తీసేస్తే నేనేం చెప్పాలండీ?” అన్నారొక ప్రొఫెసరు.

“పోనీ, తొమ్మిదోది?”

“దాని నోట్సు మొన్ననే లామినేషన్ చేయించాను,” అన్నారు ఇంకొకరు, గుండెమీద చెయ్యేసుకుని.

గంటసేపు మథనపడి, పాతదేదీ తియ్యకుండా కొత్తదొకటి చేర్చడమే సంస్కరణ అని మేధావులు తేల్చారు. ఆ కొత్తదేమిటో టీ తాగాక ఆలోచించుకోవచ్చు. ముందు సంతకాలు, తర్వాత తీర్మానాలు. అది ఆ కాలేజీ పద్ధతి. సంతకాలు పడిన ఖాళీ పేజీ మీద సూపరింటెండెంటు తీరిగ్గా నిర్ణయాలు రాసుకుంటాడు. అందువల్ల అక్కడ అభిప్రాయభేదాలన్న మాటే లేదు.

సంతకాల్లో ఒక్క గడి మిగిలిపోయింది: పరిశ్రమల ప్రతినిధి. రావలసిన ఫ్యాక్టరీ యజమాని రాలేదు. ప్రిన్సిపాల్ తలెత్తి చూశారు.

“ఏమయ్యా, నీకు షాపుందా?”

“రేకుల షెడ్డుందండీ.”

“పరిశ్రమే. దిగు.”

“చేతులకి గ్రీజుందండీ.”

“మరీ మంచిది.”

మెకానిక్ దిగి సంతకం పెట్టి, ఇంటికెళ్లి కూతురికి గొప్పగా చెప్పాడు.

“దేనిమీద పెట్టావు నాన్నా సంతకం?”

“ఖాళీ కాగితమే తల్లీ. అందులో తప్పేముంటుంది?”

వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద తీర్మానం వెలిసింది. ‘పరిశ్రమ నైపుణ్యం’ ఈ ఏడాదినుంచే తప్పనిసరి. పాఠం ఉండదు, పరీక్ష ఉండదు. కమిటీ గుర్తించిన నిపుణుడి సర్టిఫికెట్టు లేనిదే పట్టా ఉండదు. గుర్తించిన నిపుణుల జాబితాలో ఉన్నది ఒకే ఒక్క పేరు, రేకుల షెడ్డు అడ్రసుతో సహా.

మూడొందల మంది షెడ్డు ముందు క్యూ కట్టారు. మెకానిక్ నిజాయితీపరుడు. తలా ఒక స్క్రూ విప్పమన్నాడు.

“ఏవైపు తిప్పాలంకుల్?” అన్నాడొక కుర్రాడు.

“ఊడేవైపు తిప్పు నాయనా.”

ఊడలేదు. పాపం, కూతురే వాడి చెయ్యి పట్టుకుని ఊడదీయించింది. సాయంత్రానికి ప్రిన్సిపాల్ ఫోను: “ఎవర్నీ ఆపకు. మంత్రిగారికి నూటికి నూరు కావాలి.” అందరికీ సంతకం పెట్టి, చిట్టచివర కూతురి కాగితం మీదా పెట్టాడు.

ఆ ఒక్కటే ఆఫీసునుంచి వెనక్కొచ్చింది. మెకానిక్ పరిగెత్తాడు.

“సొంత మనుషులకి మీ సంతకం చెల్లదండీ,” అన్నాడు సూపరింటెండెంటు ఎంతో మర్యాదగా.

“అందర్లోకీ పని వచ్చింది దానికొక్కదానికే సార్! కంప్రెసరు కళ్లు మూసుకుని విప్పుతుంది.”

“అదేనండీ, అనుమానం వచ్చేదక్కడే.”

“మరి దానికెవరు పెట్టాలి?”

“ఇంకో నిపుణుణ్ణి కమిటీ గుర్తించాలి. పరిశ్రమల ప్రతినిధి లేకుండా కమిటీ కూర్చోదు. ఆ ప్రతినిధి మీరే. మీ అమ్మాయి సంగతి మాట్లాడేటప్పుడు మీరు కూర్చోకూడదు.”

“అయితే?”

“మీ నిబద్ధతని మెచ్చుకుంటూ తీర్మానం చేశాం. కాపీ కావాలా?”

ఒకటో తారీకు వచ్చింది, వెళ్లింది. మూడో తారీకున షెడ్డులో ఫోను మోగింది.

“అంకుల్, నేను! స్క్రూ ఏవైపు తిప్పాలని అడిగానే, నేనే. కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితే చేరాను. మీ సంతకం చూసి మారు మాట్లాడకుండా తీసుకున్నారు.”

“సంతోషం బాబూ.”

“చిన్న సాయం అంకుల్. పొద్దుట్నుంచీ మెషీన్ తిరగట్లేదు. మీ అమ్మాయిని కాస్త పంపిస్తారా?”