పల్చటివి లోపల, మందంది పైన

ఆ రోజు పొద్దున్న నక్షాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా ఆఫీసు చేరాలి, పదింటికి విచారణ గదిలో కూర్చోవాలి, పదిన్నర దాకా గొంతు పెంచకూడదు. ఊరి నేల కింద పారే మురుగు కాలువలన్నిటికీ ఇరవై రెండేళ్లుగా నక్షాలు గీస్తున్న మనిషికి ఓ అరగంట నోరు అదుపులో పెట్టుకోవడం కష్టమా? కష్టమే. ఆఫీసులో వెనకాల ఆయన్ని ‘కుక్కర్’ అని ఊరికే పిలవరు.

విచారణ దేనికంటే, ఆయన నాలుగు నెలలు నడుం వంచి గీసిన నక్షా మీద సూపరింటెండెంటు వేడి టీ గ్లాసు పెట్టాడు. సరిగ్గా పెద్ద కాలువ మలుపు దగ్గర గుండ్రంగా మరక పడింది. కొత్తగా చూసేవాళ్లు అక్కడేదో చెరువుందనుకుంటారు. అడిగితే "నేనెందుకు పెడతాను, నువ్వే పెట్టుకుని ఉంటావ్" అన్నాడు. నక్షాలాయన మూడంతస్తులకీ వినపడేలా అరిచాడు. ఏమని అరిచాడో అందరికీ గుర్తుంది, ఎందుకు అరిచాడో ఒక్కరికీ గుర్తులేదు. సూపరింటెండెంటు ఆ అరుపు మీద ఫిర్యాదు రాసిచ్చాడు. ఈ విచారణలో కూడా అరిచాడంటే డ్రాయింగ్ టేబులు పోయి, నేలమాళిగలో పాత రికార్డుల గదికి బదిలీ ఖాయం. ఆ టేబులు లేని బతుకు ఆయన ఊహకే అందదు.

"నిజం మీ వైపే ఉందండీ, నాకు తెలుసు. కానీ మీరు అరవడం మొదలుపెడితే నాకే అనుమానం వస్తుంది" అంది భార్య, ఫైలు సంచిలో సర్దుతూ.

"నేను అరవను!" అని అరిచాడాయన.

బయట వాన. వానకు తోడు ఎముకలు కొరికే చలి. స్కూటరు స్టార్టు కాలేదు. నాలుగు కిక్కులు మర్యాదగా కొట్టాడు. ఐదోది మర్యాద లేకుండా కొట్టాడు. కిక్ రాడ్డు ఊడి మెట్ల దాకా ఎగిరిపడింది.

"మా తమ్ముడి సైకిలుంది కదా. వానలో తొక్కేటప్పుడు వేసుకునే బట్టలు కూడా వాడు ఇక్కడే వదిలేసి వెళ్లాడు" అంటూ ఆవిడ ఓ సంచి తెచ్చి మంచం మీద గుమ్మరించింది.

ఆ తమ్ముడు, అంటే నక్షాలాయన బావమరిది, ఆదివారం ఎనభై కిలోమీటర్లు తొక్కి, సోమవారం నుంచి శనివారం దాకా ఆ సంగతి చెప్పే రకం. సంచిలోంచి మూడు పడ్డాయి. ఒంటికి అతుక్కుపోయే పొడుగు చేతుల బనీను ఒకటి, ఉల్లిపొరలా పల్చగా, పిడికిట్లో ఇమిడిపోయే టోపీ కోటు ఒకటి, కాలరు ముక్కు దాకా లేచే మందపాటి బొచ్చు కోటు ఒకటి. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"బావా, మొత్తం మూడు పొరలు. జాగ్రత్తగా విను. లోపలి పొర చెమట పీల్చి బయటికి పంపాలి. మధ్య పొర గాలిని పట్టుకోవాలి. పై పొర గాలిని ఆపాలి."

"ఒకడు పట్టుకోవడం, ఒకడు ఆపడం. పాపం గాలి ఏం నేరం చేసిందిరా?"

"ఇది సైన్సు బావా. నూలు బట్ట ఒంటిమీద ఉండకూడదు. తడిస్తే ఆరదు. ఆ చొక్కా విప్పెయ్."

"విచారణకి చొక్కా లేకుండా పొమ్మంటావా?"

"సంచిలో పెట్టుకుని అక్కడ మార్చుకో బావా! ఇప్పుడు వరస చెప్తాను. ముందు పల్చటిది. దానిమీద మందంది. ఆ తర్వాత..."

నక్షాలాయనకు చిర్రెత్తుకొచ్చింది. "తెలిసిందిలే! పల్చటివి లోపల, మందంది పైన. చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఇక పెట్టెయ్!" అని ఫోన్ కట్ చేసి, మళ్లీ మోగకుండా స్విచాఫ్ కూడా చేశాడు.

"వాడింకా ఏదో చెప్పబోయాడండీ."

"ఇంకేం చెప్తాడు, ఎనభై కిలోమీటర్లు!"

బావమరిది చెప్పబోయింది ఒకే ఒక్క ముక్క. మందందాని మీద మళ్లీ పల్చటి టోపీ కోటు వేసుకోవాలి, వానను ఆపేది అదే. ఆ ముక్కను అతను తెగిపోయిన ఫోనుకు చెప్పుకున్నాడు. ఇక్కడ నక్షాలాయన బనీను తొడిగి, దాని మీద ఉల్లిపొర కోటు వేసి, అన్నిటికన్నా పైన బొచ్చు కోటు బిగించి, యుద్ధానికి వెళ్తున్నవాడిలా సైకిలెక్కాడు.

బొచ్చు కోటు వానను ఆపలేదు. రమ్మని పిలిచి కూర్చోబెట్టింది. మొదటి వీధి మలుపు తిరిగేసరికి తడిసిన పరుపంత బరువెక్కింది. లోపలున్న ఉల్లిపొర కోటు మాత్రం నిజాయితీగా పనిచేసింది. వానను లోపలికి రానివ్వలేదు, చెమటను బయటికి పోనివ్వలేదు. పైన గడ్డకట్టే చలి, లోపల ఉడుకుతున్న ఒళ్లు. ఆ మధ్యలో ఇరుక్కున్న మనిషికి ముందు బావమరిది మీద, తర్వాత సైకిలు మీద, ఆ తర్వాత మేఘాల మీద ఒళ్లు మండిపోయింది.

నాలుగు రోడ్ల కూడలిలో మోకాలి లోతు నీళ్లు. కింద ఏ గొట్టం పూడుకుపోయిందో ఆయనకు కంఠతా వచ్చు. బాగుచేయించండని మూడుసార్లు రాసిచ్చాడు, మూడుసార్లూ సూపరింటెండెంటు పక్కన పడేశాడు. లారీ ఒకటి ఆ నీళ్లన్నీ ఎత్తి ఆయన మీద పోసి తాపీగా వెళ్లిపోయింది. వంతెన మీద ఈదురుగాలి మొహాన కొట్టింది. ఆ కసిలో జిప్పును ఒక్క గుంజు గుంజాడు. అది సర్రున ముక్కు దాకా వెళ్లి, లోపలి టోపీ అంచును నమిలి, అక్కడే బిగుసుకుంది. కిందికి లాగితే రాలేదు. ఇంకా కోపంగా లాగితే జిప్పు పట్టు ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన కోపానికి పొద్దున్నుంచి ఊడిన వస్తువుల్లో ఇది రెండోది. ముక్కు మీద కోపం అంటారు గానీ, ఆ రోజు కోపమంతా ముక్కు కిందే ఉండిపోయింది.

సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు. "ఏవండీ, మీ ఒంట్లోంచి ఆవిరి వస్తోంది! బాగానే ఉన్నారా?"

"నాకు టైమైపోతోందయ్యా, వదులు!" అన్నాడు నక్షాలాయన. తడి కాలరు దాటి "మ్మ్‌హ్‌మ్మ్" అని మాత్రమే వచ్చింది.

"ఆసుపత్రా? ఇటు తిన్నగా పోయి ఎడమకి తిరగండి. ఏయ్, ఆపండి, దారివ్వండి ఈయనకి!" అంటూ కానిస్టేబుల్ నాలుగు వైపులా బండ్లు ఆపేసి, ఆయన్ని సాదరంగా తప్పుడు దారిలోకి పంపించాడు. ఆసుపత్రి గేటు చుట్టూ తిరిగి రావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆయన తిట్టిన తిట్లు కాలరు లోపలే ఉడికిపోయాయి.

ఆఫీసు చేరేసరికి పదికి రెండు నిమిషాలు. అటెండరు పరిగెత్తుకొచ్చి జిప్పు పట్టుకున్నాడు. రాలేదు. తలమీంచి లాగాడు. బావమరిది కొలతల కోటు చెవుల దగ్గర ఆగి, ముక్కును నలిపి, మళ్లీ కిందికి జారింది.

"కత్తెర తెస్తానుండండి సార్" అన్నాడు అటెండరు. ఇంతలో విచారణ గది బెల్లు మోగింది.

లోపల అధ్యక్షురాలు, పక్కన ఇద్దరు సభ్యులు, ఎదురుగా ఇస్త్రీ నలగని సూపరింటెండెంటు. నక్షాలాయన కుర్చీలో కూర్చోగానే కింద చిన్న మడుగు కట్టింది.

"ఇంత వానలో సైకిలు మీద వచ్చారా?" అంది అధ్యక్షురాలు మెత్తబడుతూ. "చెప్పండి, మీ జవాబేంటి?"

జిప్పు ఇరుక్కుందని ఆయన గట్టిగానే చెప్పాడు. "మ్మ్" అని వినిపించింది. రాసిస్తానని సైగ చేసి కాగితం ముందుకు లాక్కున్నాడు. చేతిలోంచి కారిన నీళ్లకు కాగితం ముద్దయింది. రెండోది కూడా అంతే. మొహం ఎర్రగా కందింది, చెమట కళ్లల్లో దిగి బొటబొటా కారింది.

"పశ్చాత్తాపం" అన్నాడు ఒక సభ్యుడు, రెండో సభ్యుడి చెవిలో.

"నటన మేడం! ఈ మనిషి నోరు మీకు తెలీదు. ఆ రోజు నన్ను గాడిద అన్నాడు!" అన్నాడు సూపరింటెండెంటు.

"మ్మ్‌మ్మ్!" అన్నాడు నక్షాలాయన. ఇంకోసారి అంటాను అని దాని అర్థం.

"తప్పు ఒప్పుకుంటున్నారు పాపం" అంది అధ్యక్షురాలు.

"ఒప్పుకోవడం కాదు మేడం, తిడుతున్నాడు! లోపల తిడుతున్నాడు, చూడండి ఆ కళ్లు!"

"నాకేం వినపడలేదే. మీకేమైనా వినపడిందా?" సభ్యులిద్దరూ లేదన్నారు.

సూపరింటెండెంటు లేచి నిలబడ్డాడు. ఎదుటివాడు అరిస్తే నెమ్మదిగా నవ్వి నెగ్గడం అతనికి అలవాటు. అరవని మనిషితో ఎలా వేగాలో అతనికి తెలియదు. "మాట్లాడవేంరా? ఆ రోజు బిల్డింగు కూలేలా అరిచావుగా? ఒక్క టీ గ్లాసుకి అంత గోలా? పెట్టాను! అవును, నక్షా మీదే పెట్టాను! నెత్తిమీద పెట్టుకోమంటావా?"

అధ్యక్షురాలి కలం ఆగింది. నక్షాలాయన కూడా లోపల తిట్టడం ఆపేశాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా ఎదుటివాడి మాట చివరిదాకా విన్నాడా అంటే, ఇదే మొదటిసారి.

"గ్లాసు నేను పెట్టలేదని మీరు సంతకం చేసిచ్చిన కాగితం నా ముందుంది" అంది అధ్యక్షురాలు.

ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. ఫిర్యాదు కొట్టివేత. సూపరింటెండెంటుకు నేలమాళిగలో రికార్డుల గది. నక్షాలాయన కళ్లు నిజంగానే చెమర్చాయి. నిజం నెగ్గింది, టేబులు మిగిలింది. జిప్పు లేకపోతే అధ్యక్షురాలికి నోరారా థాంక్స్ చెప్పేవాడు.

"ఇంకొక్క మాట" అంది అధ్యక్షురాలు ఆప్యాయంగా. "ఇంత సహనమున్న మనిషిని గీతలు గీయడానికి వాడుకోవడం అన్యాయం. ప్రజల ఫిర్యాదులు తీసుకునే కిటికీ ఉంది కదా, వీధి వైపు. రోజుకి రెండొందల మంది వచ్చి అరిచి వెళ్తారు. ఎవర్ని కూర్చోబెట్టినా వారం ఆగడం లేదు. సోమవారం నుంచి మీరే. శాశ్వతంగా."

నక్షాలాయన కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. వద్దన్నాడు. కాళ్లు పట్టుకుంటానన్నాడు. నేలమాళిగకైనా పంపమన్నాడు. ఆఖరికి మూడంతస్తులూ అదిరిపోయేలా అరిచాడు.

"మ్మ్‌మ్మ్‌మ్మ్!"

"ఆనందం పట్టలేకపోతున్నారు" అంటూ అధ్యక్షురాలు సంతకం పెట్టేసింది. అప్పుడు తలుపు తోసుకుని కత్తెరతో అటెండరు వచ్చాడు.

కాగితాలు చెమ్మెక్కకూడదని రికార్డుల గదిలో ఏడాది పొడుగునా హీటరు వేసి ఉంచుతారన్న సంగతి సూపరింటెండెంటుకు ఆ మధ్యాహ్నమే, వెచ్చగా కూర్చుని టీ తాగుతుండగా తెలిసింది.