అనసూయ పేరు మీద అవిభాజ్యపు వాటా

సైబరాబాదులో భూమి అయిపోయిందని అందరికీ తెలుసు. ఆడపిల్లల పేర్లు కూడా అయిపోయాయన్న సంగతిని ప్రభుత్వం ఇంకా ప్రకటించలేదు. కొత్తగూడ ఫ్లైఓవరుకి కూతవేటు దూరంలో ఉన్న ఒక అపార్టుమెంటు సంక్షేమ సంఘం మాత్రం ఈ కొరతని ముందే గుర్తించి తగిన చర్యలు తీసుకుంది.

గుర్తించడానికి కారణం ఆటస్థలం. ఒక సాయంత్రం ఎవరో తల్లి బాల్కనీలోంచి "ఆద్యా, పాలు తాగుదువు రా" అని పిలిస్తే ఏడుగురు ఆద్యలు ఉయ్యాలలు దిగి లిఫ్టు ముందు నిలబడ్డారు. (పాలు ఒక్క గ్లాసే.) సంఘం అధ్యక్షుడు సోమేశ్వరరావు గారు రిటైరైన సబ్ రిజిస్ట్రారు. ఉద్యోగకాలమంతా ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మినవాళ్ళని చూసి చూసి, ఆయనకి లోకంలోని ప్రతి వస్తువూ సర్వే నంబరులాగే కనపడుతుంది. వెంటనే పేర్ల ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో ఆయనొక్కరే సభ్యుడు.

నియమాలు సులువే. పిల్లకి పెట్టదలచిన పేరుని వారం రోజులు నోటీసు బోర్డు మీద ఉంచాలి. ఎవరికీ అభ్యంతరం లేకపోతే పేరు వారిది. పేరు ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారి వచ్చింది అనేదానికి లింకు డాక్యుమెంట్లు చూపించాలి. అపార్టుమెంటులో ఎవరూ పెట్టుకోని పేరు ఖాళీ స్థలంతో సమానం. నోటిమాట చెల్లదు.

ఆరో అంతస్తులో ఉండే ఉదయ్ భాస్కర్ కి ఈ నియమాలు నచ్చాయి. హైటెక్ సిటీలో అతని ఉద్యోగం కూడా అలాంటిదే. ఏడాదికోసారి సిబ్బందినంతా ఒక గ్రాఫులో పేర్చి, ఎవరు ఎవరికన్నా తక్కువో తేల్చడం. అతను మనస్తత్వశాస్త్రం కొంత చదువుకున్నాడు. (ఆఫీసు వాళ్ళు చేయించిన కోర్సు. చివరి పరీక్షలో సహోద్యోగి తిరుపతి కన్నా రెండు మార్కులు తక్కువ వచ్చాయి.) ఆ చదువు సాయంతో తనని తాను నిష్పాక్షికంగా పరీక్షించుకుని, తనలో అసూయ అనేది లేదనీ, ఉన్నది న్యాయం పట్ల శ్రద్ధ మాత్రమేననీ నిర్ధారించుకున్నాడు.

తిరుపతి ఆఫీసులో అతని పక్క సీటు, అపార్టుమెంటులో కింది అంతస్తు. లింగంపల్లి అవతల ఊరతనిది. తిరుపతిది తూర్పు ముఖం ఫ్లాటు. లిఫ్టు పక్కనే పార్కింగు. వరసగా రెండేళ్ళు పై రేటింగు. ఇవేవీ ఉదయ్ భాస్కర్ మనసులో పెట్టుకోలేదు, గుర్తుంచుకున్నాడంతే. ఇద్దరి భార్యలూ ఒకే నెలలో ఆడపిల్లల్ని కన్నారు. తిరుపతి కూతురు ఆరు రోజులు ముందు పుట్టింది. అందులో కూడా.

ఉదయ్ భాస్కర్ కూతురిది కృత్తిక ఒకటో పాదం, "అ"తో పేరు రావాలి. అలా వెతుకుతూ అతను అనసూయ దగ్గర ఆగాడు. అసూయ లేనిది అని అర్థం. అత్రి మహర్షి భార్య. పరీక్షించడానికి వచ్చిన ముగ్గురు దేవుళ్ళని పసిపిల్లల్ని చేసి ఉయ్యాల్లో వేసిన ఇల్లాలు. పైగా అతని నానమ్మ పేరు కూడా అదే. అంతటి పేరు కూతురికి పెడితే చుట్టుపక్కల కనీసం పదిమంది కుళ్ళుకుంటారని అతనికి గట్టి నమ్మకం కలిగింది.

గిరాకీ కూడా లెక్క చూశాడు. ఆ పేరు చరిత్ర కొత్తగూడ భూముల చరిత్రలాంటిదే. ఒకప్పుడు వీధికిద్దరు అనసూయలుండేవాళ్ళు, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. తరవాత జనం స్వప్నల వైపు, స్వాతుల వైపు తరలిపోయారు. ఆ తరవాత రెండక్షరాల పేర్లు వచ్చాయి, పిలవడం మొదలుపెట్టేలోపే అయిపోయేవి. అనసూయ మాత్రం పింఛను కాగితాల్లోనూ సీరియళ్ళలో అత్తగార్లకీ మిగిలింది. ఇప్పుడు జూబ్లీ హిల్స్ లో ఒకరిద్దరు డబ్బున్నవాళ్ళు పాతపేర్ల వైపు చూస్తున్నారట. అంటే అటు రోడ్డు పడబోతోందన్నమాట. పడకముందే కొనేయాలి.

కానీ కొనాలంటే బోర్డు మీద పెట్టాలి. పెడితే పదిమందీ చూస్తారు. చూస్తే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. అందుకని బారసాల దాకా రహస్యంగా ఉంచి, చివరి వారంలో బోర్డెక్కించాలని పథకం వేశాడు. భార్య సంయుక్త దగ్గరా, తల్లి జయలక్ష్మి దగ్గరా మాట తీసుకున్నాడు. వాళ్ళిద్దరూ నిలబెట్టుకున్నారు.

అయితే ఎవరికీ తెలియని గొప్పతనం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. (కోర్సులో ఈ పాఠం లేదు.) నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు ఆఫీసు మెట్ల దగ్గర టీ తాగుతూ, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని, తిరుపతికి చెప్పేశాడు. తిరుపతి "మంచిగుందన్నా" అని బిస్కెట్ టీలో ముంచుకున్నాడు. అంతే. ఆ మొహంలో ఏ మార్పూ లేకపోవడం ఉదయ్ భాస్కర్ ని సాయంత్రం దాకా బాధించింది.

మార్పు మూడోరోజు పొద్దున నోటీసు బోర్డు మీద కనిపించింది. ఐదో అంతస్తు తిరుపతి గారి కుమార్తెకు పేరు: అనసూయ. అభ్యంతరాలున్నవారు తెలుపగలరు.

ఉదయ్ భాస్కర్ తెలిపాడు. ఇది పేరు పెట్టడం కాదనీ, కబ్జా అనీ నాలుగు పేజీల్లో తెలిపాడు. సంయుక్త పిల్లకి పాలు పడుతూ ఆ పేజీలు చదివి, పెద్దగా గొంతు ఎత్తకుండానే అడిగింది.

"మనం పేరు పెడుతున్నది మన పిల్లకా, తిరుపతి గారికా?"

ఆ ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని అతను చెప్పాడు.

విచారణ ఆదివారం, జనరేటరు పక్కనున్న సంఘం గదిలో జరిగింది. ఉదయ్ భాస్కర్ పురాణం దగ్గర మొదలుపెట్టి, గ్రాఫుల మీదుగా, నానమ్మ దాకా వచ్చి, సాక్షిగా తల్లిని నిలబెట్టాడు. సోమేశ్వరరావు గారు ఆవిణ్ణి అత్తగారి పేరు చెప్పమన్నారు.

"అత్తగారి పేరు నోటితో ఎలా చెప్పమంటారండీ," అంది జయలక్ష్మి. "రేపు పిల్లకి ఆ పేరే పెట్టినా నేను బుజ్జీ అనే పిలుచుకోవాలి."

పోనీ ఆవిడ స్వభావం చెప్పమన్నారు.

"మంచి మనిషేనండి. కాకపోతే పక్కింటివాళ్ళు మేడ మీద గది వేశారని ఆ వైపు కిటికీ రెండేళ్ళు తియ్యనివ్వలేదు. నేను కాపురానికొచ్చాక తీశాను." ఆవిడ కొడుకు వైపు ముద్దుగా చూసింది. "వీడిది అచ్చం ఆవిడ పోలికేనండి."

వంశపారంపర్య అనుభవం రుజువైందని సోమేశ్వరరావు గారు రాసుకున్నారు.

తిరుపతి దగ్గర లింకు డాక్యుమెంట్లేవీ లేవు. తమ ఇంట్లో ఆ పేరు ఎవరికీ లేదనీ, వాళ్ళ అవ్వ పేరు రుక్కమ్మ అనీ ఒప్పుకున్నాడు. మరి ఎందుకు పెట్టావని అడిగారు.

"నిజం చెప్తున్న సార్. అన్న గా పేరు చెప్పేటప్పుడు అన్న మొకం చూసిన. పదేండ్ల సంది పక్కపక్కనే కూసుంటున్నం, గంత ఖుషీ నాకెన్నడు రాలె. రేటింగ్ వచ్చిన్నాడు గూడ రాలె. రెండు రాత్రులు నిద్ర పట్టలె. ఇగ గా పేరు తీసుకుంటే జర గా ఖుషీ గూడ వస్తదేమో అనుకున్న."

"వచ్చిందా?" అన్నారు సోమేశ్వరరావు గారు, పెన్ను ఆపి.

"బోర్డు మీద పెట్టినంక అన్న మొకం చూసిన సార్. గప్పుడు వచ్చింది."

ఉదయ్ భాస్కర్ లోపల ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది. తనని చూసి ఒక మనిషి రెండు రాత్రులు నిద్రపోలేదు. పదేళ్ళుగా అతను కోరుకున్నది అదే. తీరా అది జరుగుతున్నప్పుడు తనకి తెలియలేదు. ఆ రెండు రాత్రులూ తను హాయిగా నిద్రపోయాడు. ఈ నష్టాన్ని ఏ నియమం కింద దరఖాస్తు చేసుకోవాలో అతనికి తోచలేదు.

తీర్పు పావుగంటలో వచ్చింది. అపార్టుమెంటు కింద నేల ఎలాగైతే గీత గీసి పంచకుండా అందరికీ చెందుతుందో, అలాగే అనసూయ అనే పేరు మీద ఇద్దరు పిల్లలకీ అవిభాజ్యపు వాటా ఉంటుంది. గందరగోళం లేకుండా పుట్టిన తేదీని బట్టి తిరుపతి కూతురు మొదటి అనసూయ, ఉదయ్ భాస్కర్ కూతురు రెండో అనసూయ. తీర్పు మీద అప్పీలు చేసుకోవచ్చు. (అప్పీళ్ళు వినేది కూడా సోమేశ్వరరావు గారే.)

ఉదయ్ భాస్కర్ పేరు మార్చేద్దామన్నాడు. సంయుక్త ఒప్పుకోలేదు. ఈ ఇంట్లో ఇంకొక పేరు మీద ఇంకొక విచారణ జరిగితే తను పిల్లని తీసుకుని పుట్టింటికి పోతానని, పేరేదైనా అక్కడే పెట్టుకుంటానని చెప్పింది. ఆమె మాట మీద నిలబడే మనిషని అతనికి తెలుసు.

బారసాల రోజు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో అనసూయ అని రాశాడు. "రెండో" అన్నది రాయలేదు. తిరుపతి దంపతులు తమ పిల్లని ఎత్తుకుని వచ్చారు. ఇద్దరు పిల్లల్నీ ఒకే మంచం మీద పడుకోబెట్టారు. బంధువులు "అనసూయా" అని పిలిచారు. ఇద్దరూ పట్టించుకోలేదు. తిరుపతి ఉదయ్ భాస్కర్ భుజం మీద చెయ్యి వేసి, పులిహోర మంచిగున్నదని మనస్ఫూర్తిగా అన్నాడు. ఉదయ్ భాస్కర్ కూడా చాలా కాలం తరవాత మనస్ఫూర్తిగానే నవ్వాడు. తన మనసు ఇంత తేలిగ్గా ఉండడం గమనించి, మనిషి మారగలడని అనుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక సంయుక్త పిల్లని జోకొడుతోంది. అతను పక్కన కూచుని కూతురి మొహంలోకి చాలాసేపు చూశాడు.

"సంయుక్తా, వాళ్ళ పిల్ల అప్పుడే మెడ నిలుపుతోంది. మన పిల్లని రేపు డాక్టరుకి చూపిద్దామా?"