టీవీ లాంపుకు వచ్చిన జబ్బు

అయ్యలారా, అమ్మలారా! ఇంట్లో ఉన్నమాట చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉండాలంటే ప్రొజెక్షన్ టీవీ కొనండి. పాతదైనా పరవాలేదు. బీరువా అంత ఉందని, సగం గది తినేసిందని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి!

గోడకు అంటుకుని ఉండే మీ పలచటి టీవీ పోయేముందు ఒక్క ముక్కయినా చెబుతుందా? చెప్పదు. గుటుక్కుమంటుంది. మా టీవీ అలా కాదు. దాని కడుపులో ఒక లాంపు ఉంది, తెరమీద బొమ్మ పడేది దాని వెలుగుతోనే. అది వెలిగిన ప్రతి గంటనూ టీవీ లెక్కపెట్టుకుంటుంది. వయసు మీరగానే తెరమీద నోటీసు ఇస్తుంది. ఆ తర్వాత ఏ రోజైనా లాంపు వెలగనని మొరాయిస్తే మళ్లీ వెలిగించి చూస్తుంది, ఇంకోసారి కూడా చూస్తుంది. ఇక లాభం లేదనుకున్నాకే ఎర్రలైటు కొట్టి మనల్ని పిలుస్తుంది. మీ మేనేజరుకు ఉందా ఇంత ఓర్పు?

మనుషులూ ఉన్నారు, ఎందుకు! మా బావమరిది నెల్లాళ్లు పంటినొప్పి దాచి, దవడ వాచి మాట పడిపోయాక బయటపెట్టాడు. మా ఆఫీసు లిఫ్టయితే ముగ్గురు గుమాస్తాలను మధ్యలో వేలాడదీశాక గాని పాడైనట్టు ఒప్పుకోలేదు.

మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కొన్నాళ్లుగా ఒకటే గోల. "ఏవండీ, బొమ్మ మసగ్గా కనిపిస్తోంది."

నేను టీవీలో గంటల లెక్క చూసి, "లాంపుకి రోజులు దగ్గరపడ్డాయే. కాస్త ఓపిక పట్టు" అనేవాణ్ణి. ఆవిడ కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది. కొన్నాళ్లకు ఇంకాస్త జరుపుకుంది. సూదిలో దారం ఎక్కించడానికి మా అమ్మాయిని కేకేయడం మొదలుపెట్టింది.

"సూది కూడా మసగ్గానే ఉందండీ" అంది ఓసారి.

"మసక టీవీ చూసీ చూసీ కళ్లు దానికే అలవాటు పడ్డాయి!" అని సైన్సు బోధించాను. ఎంత చక్కగా బోధించానో!

పోయిన ఆదివారం ఎర్రలైటు వెలిగింది. తింటున్న కంచం వదిలేసి ఆగమేఘాల మీద మెకానిక్కు ఇంటికి పరుగెత్తాను. సాయంత్రానికల్లా కొత్త లాంపు! తెర ధగధగలాడింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మెకానిక్కు మీసం మీద చెయ్యేసుకున్నాడు.

మా ఆవిడ తెరకు మూరెడు దూరంలో కూర్చుని, "కొత్త లాంపు ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది.



మర్నాడు కంటి డాక్టరు చాలాసేపు పరీక్షించి, ఇంత ఆలస్యంగానా రావడం అన్నాడు. కుడికన్ను దక్కించుకోవచ్చట. ఎడమకంటి మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు.

"ఈ మసక ఎప్పట్నుంచమ్మా?"

"ఆయన్ని అడగండి డాక్టరుగారూ. కనపడనప్పుడల్లా ఆయనకే చెప్పాను."

డాక్టరు పెన్ను పట్టుకుని నా వైపు తిరిగాడు. లాంపు ఎన్ని గంటలు వెలిగిందని అడిగి ఉంటే ఠక్కున చెప్పేవాణ్ణి.