పై అధికారి మెమరీని మించరాదు

ఒక మనిషికి ఏం కావాలో ఆ మనిషికి తప్ప మిగతా అందరికీ తెలుసు అన్న మహత్తర సూత్రం మీద ఆధునిక కార్యాలయం నిలబడి ఉంది. ఈ సూత్రాన్ని కనిపెట్టిన మహానుభావుడి పేరు మాత్రం చరిత్రకు దక్కలేదు. (ఆయనకు ఏ పేరు తగునో తేల్చే సంఘం ఇంకా సమావేశం కాలేదని వినికిడి.)

రోడ్లూ వంతెనలూ కట్టించే ఒక సంస్థలో, మూడో అంతస్తు కిటికీ పక్కన కూర్చుని వంతెనలకు లెక్కలు కట్టే ఇంజనీరు ఒకావిడ ఉంది. హాజరు పట్టీలో ఆవిడకో పేరుంది గాని, ఆఫీసంతా వంతెనమ్మ అనే పిలుస్తుంది. ఆవిడ చేతికి అప్పుడు ఒక చిన్న వంతెన పని వచ్చింది. ఒక బడి ముందున్న వెడల్పాటి రోడ్డు మీద బస్సులు ఆగకుండా పోతుంటాయి. పిల్లలు బడివైపు నుంచి అవతలి బస్టాపుకు క్షేమంగా చేరేందుకు మెట్లెక్కి దాటే ఇనుప వంతెన కట్టాలి. వంతెనమ్మ కూతురు చదివేది ఆ బడిలోనే. అందుకని ఆ పనిని ఆవిడ అడిగి మరీ తీసుకుంది.

పని చేయడానికి ఆవిడకు ఒక లాప్‌టాప్ ఉంది. అది సంస్థకు ఏళ్ళ తరబడి విశ్వాసంగా సేవ చేసి, రిటైరయ్యే వయసు దాటిపోయినా, ఎవరూ వీడ్కోలు సభ పెట్టకపోవడం వల్ల కొనసాగుతోంది. వంతెన మీద బరువు కదలకుండా ఉంటే ఏమవుతుందో అది చక్కగా చెబుతుంది. బరువు కదిలితే ఏమవుతుందని అడిగితే మాత్రం ముందు ఫ్యాను గోల పెడుతుంది, తర్వాత తెర నీలంగా మారుతుంది, ఆ తర్వాత తనకేమీ గుర్తు లేదంటుంది. పిల్లలందరూ వంతెన మీద బొమ్మల్లా నిలబడి ఉంటే ఏ ప్రమాదమూ లేదని ఆ లాప్‌టాప్ తేల్చింది. వంతెనమ్మ ఈ సంగతి ఇంట్లో భోజనాల దగ్గర ఎత్తింది.

“గంట కొట్టగానే మీరంతా ఎలా వస్తారే బయటికి?” అని అడిగింది కూతుర్ని.

“ఎలా ఏంటమ్మా? పరిగెత్తుకుంటూ.”

“అందరూనా?”

“అందరం. ముందు వెళ్ళినవాళ్ళకేగా బస్సులో కిటికీ సీటు.”

వంతెనమ్మ ముద్దను కంచంలోనే వదిలేసింది. కొన్ని వందల కాళ్ళు ఒకే ఊపులో పడితే సన్నటి ఇనుప వంతెన ఉయ్యాలలా ఊగొచ్చు. ఊగితే కూలిపోకపోవచ్చు గాని, పరిగెత్తే పిల్లలు తూలి ఒకరి మీద ఒకరు పడతారు. ఆ ఊపు ఎంతో లెక్క కట్టి చూస్తే గాని తెలియదు. ఆ లెక్క కట్టాలంటే వేరే లాప్‌టాప్ కావాలి. చూడడానికి మామూలు లాప్‌టాప్‌లాగే ఉండి, చేసేది పెద్ద యంత్రం పని. దాన్ని మొబైల్ వర్క్‌స్టేషన్ అంటారు. మర్నాడే ఆవిడ అర్జీ పెట్టింది. గట్టి ప్రాసెసర్, అరవై నాలుగు జీబీ మెమరీ, లెక్కలు కట్టే సాఫ్ట్‌వేరుకు సరిపడే గ్రాఫిక్స్ కార్డు, వేడెక్కితే చల్లార్చే ఫ్యాను ఉండాలని రాసింది. అంతకు మించి ఏమీ అడగలేదు. దాని రంగు సంగతి కూడా ఎత్తలేదు.

అర్జీ పరికరాల యోగ్యతా విభాగానికి చేరింది. అక్కడి యోగ్యతాధికారి మహా మర్యాదస్తుడు. తన సర్వీసు మొత్తంలో ఎవరికీ కాదని చెప్పిన మనిషి కాడు. అవునని చెప్పిన దాఖలా కూడా లేదు. ఆయన వంతెనమ్మను పిలిపించి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి విచారణ మొదలుపెట్టాడు.

“మీరు చేసే పనేంటమ్మా?”

“వంతెనలకు లెక్కలు కడతానండీ.”

“లెక్కలకి కాలిక్యులేటర్ ఇచ్చారుగా?”

“ఇచ్చారండీ.”

“పనిచేస్తోందా?”

“చేస్తోందండీ, కానీ...”

“మంచిది,” అని ఆయన ‘ఉన్న పరికరాలు సంతృప్తికరం’ అని రాసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని అర్జీలో ఒకచోట వేలు పెట్టాడు. “ఇక్కడే చిన్న ఇబ్బందమ్మా. మీరు అరవై నాలుగు అడిగారు. డైరెక్టరుగారికే ముప్పై రెండు.”

“ఆయన లెక్కలు కట్టరు కదండీ.”

“కట్టరు. కానీ కింది ఉద్యోగి మెమరీ పై అధికారి మెమరీని మించరాదని నిబంధన. రేపు ఏదైనా గొడవ వస్తే, ఆయనకు గుర్తు లేనివి మీ దగ్గరుంటే బాగుంటుందా చెప్పండి?”

బాగుండదని వంతెనమ్మ ఒప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆయన దయగల మనిషి గనక దారి కూడా ఆయనే చూపించాడు. “పైనుంచి పెంచుకుంటూ వద్దామమ్మా. ముందు డైరెక్టరుగారికి, తర్వాత జాయింటు డైరెక్టరుగారికి, అలా మెట్టు మెట్టూ దిగుతూ మీదాకా వస్తుంది. నీరు పల్లమెరుగు.”

నీరు పల్లమెరుగుననే మాట నిజమే. కాకపోతే దారిలో ఎవరెవరు ఎన్నెన్ని కుండలు పెట్టుకుంటారో ఆ సామెత చెప్పదు. డైరెక్టరుగారికి సంస్థ చరిత్రలోకెల్లా బలమైన వర్క్‌స్టేషన్ వచ్చింది. ఆయన అందులో ఉత్తరాలు చదువుకుంటూ, పెరట్లో పూసిన గులాబీల ఫొటోలు పెద్దవి చేసి చూసుకోసాగాడు. ఆయన కింది అధికారికి అంతకంటే ఒక్క మెట్టు తక్కువది వచ్చింది. ఆయన కింద ముగ్గురికి వచ్చాయి. హోదా ఉండీ కంప్యూటర్ వాడని ఒక పెద్దమనిషికి, హోదా చిన్నబోకుండా రెండు ఇచ్చారు.

ఇదంతా జరుగుతుండగా వంతెనమ్మ లాప్‌టాప్ రూపురేఖలను ఖరారు చేయడానికి ఉపసంఘం కూర్చుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులే ఒక సంఘంగా ఏర్పడ్డారు. జమాఖర్చుల ప్రతినిధి గ్రాఫిక్స్ కార్డు కొట్టేశాడు. అది ఆటలాడే కుర్రాళ్ళు వాడే వస్తువని ఆయనకు ఇంట్లో స్వానుభవం. ఆరోగ్య ప్రతినిధి ఉద్యోగిని భుజానికి బరువు కాకూడదని సగం బరువు తగ్గించింది. (బరువుతో పాటు ప్రాసెసర్ కూడా తగ్గింది. భుజం మాత్రం క్షేమం.) ప్రశాంతతా ప్రతినిధి ఫ్యాను చప్పుడు పక్కవారి ఏకాగ్రతకు భంగమని ఫ్యాను తీసేయించాడు. రక్షణ ప్రతినిధి మాత్రం ఏమీ తీయలేదు. ఆయన ఒక కాపలా సాఫ్ట్‌వేరును చేర్చాడు. మిగిలిన మెమరీలో సగం అది తింటుంది.

అలా తయారైన లాప్‌టాప్ ఒక మధ్యాహ్నం వంతెనమ్మ బల్ల మీదికి వచ్చింది. పలచగా, అందంగా, గోరింట రంగులో ఉంది. తెర మీద వేలితో పువ్వులు గీయొచ్చు. ఆవిడ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేరును అందులో తెరవగానే, ‘ఈ యంత్రం ఈ పనికి చాలదు’ అని అక్షరాలు కనిపించాయి. వంతెనమ్మ ఆ తెరను అలాగే ఎత్తుకెళ్ళి యోగ్యతాధికారికి చూపించింది.

ఆయన శ్రద్ధగా రెండుసార్లు చదివాడు. “ఈ మాట అనే అధికారం సాఫ్ట్‌వేరుకి లేదమ్మా. చాలుతుందో లేదో చెప్పాల్సింది మేము.”

ఆవిడకు ఒళ్ళు మండింది. తన బల్ల దగ్గరికి వచ్చి, సైటులో పని చూస్తున్న ఇంజనీరుకు ఫోన్ చేసింది. పెద్ద దూలాలు అప్పటికే స్తంభాల మీద కూర్చున్నాయట.

“కొన్నాళ్ళు ఆపగలవా బాబూ? ఒక లెక్క మిగిలింది.”

“ఎందుకు ఆపుతున్నామో కారణం రాసివ్వండి మేడమ్, ఆపేస్తాను.”

“ఆ లెక్క అయితేగా కారణం తెలిసేది.”

“లెక్క లేకుండా నేనేం రాసుకోను మేడమ్? వట్టి మాట మీద పని ఆపితే నా ఉద్యోగం ఉంటుందా?”

అతనిదీ న్యాయమే. ఈ వ్యవహారంలో అన్యాయంగా మాట్లాడిన మనిషి ఒక్కరూ దొరకరు. అదే దీంట్లోని గొప్పతనం.

ఆ సాయంత్రం ఇంట్లో, కుర్చీల దుకాణం నడిపే ఆవిడ భర్త అంతా విని, “మీ డైరెక్టరు దగ్గరున్న దాంట్లో కడితే పోలా?” అన్నాడు. కుర్చీలమ్మేవాడికి కుర్చీల మర్యాదలు తెలియవని నవ్వబోయి, వంతెనమ్మ మధ్యలో ఆగిపోయింది.

మర్నాడు వెళ్ళి అడిగింది. డైరెక్టరుగారు తెరమీది గులాబీని పక్కకు జరిపి, “అదెంత భాగ్యమమ్మా, కూర్చో,” అని స్వయంగా లేచి కుర్చీ ఇచ్చి, కాఫీకి వెళ్ళాడు. వంతెనమ్మ తన సాఫ్ట్‌వేరును అందులో ఎక్కించింది. ఆయన తిరిగి వచ్చేసరికి లెక్క పూర్తయింది. తెర మీద వంతెన నడుము భాగమంతా ఎర్రగా ఉంది. పిల్లలు నడిస్తే ఫర్వాలేదు. గుంపుగా పరిగెత్తితే ఊగుతుంది, ఊగడం మొదలైతే ఇంకా ఇంకా ఊగుతుంది. వంతెనమ్మ దీనికి విరుగుడు కూడా అక్కడే లెక్క కట్టి చూసింది. నడుము కింద అడ్డంగా రెండు దూలాలు బిగిస్తే ఎరుపంతా పోయింది.

“రెండు దూలాలే కదమ్మా, వేయించేద్దాం,” అన్నాడు డైరెక్టరుగారు. ఆయన మాట అంటే ఆఫీసులో శాసనం. అందుకే దాన్ని అమలు చేయడానికి ముందు యోగ్యతా విభాగానికి పంపారు. రెండు యంత్రాలు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఏది నమ్మాలో తేల్చేది ఆ విభాగమే.

యోగ్యతాధికారి ఏ పక్షమూ వహించకుండా విచారణ జరిపాడు. ఉద్యోగినికి సంస్థ అధికారికంగా ఇచ్చిన పాత లాప్‌టాప్‌లో ఏ ఎరుపూ లేదు. కొత్తగా ఇచ్చిన గోరింట రంగు దాంట్లో అసలు వంతెనే లేదు. ఎరుపు కనిపించింది ఒక్క డైరెక్టరుగారి యంత్రంలో. ఆ యంత్రం ముందు కూర్చునే హోదా ఉద్యోగినికి లేదు. హోదా లేనివారికి కనిపించినది కనిపించినట్టు కాదు. పైగా ఆ యంత్రంలో అంతకు ముందు ఎప్పుడూ ఎరుపు రాలేదు, గులాబీల్లో తప్ప. కాబట్టి లోపం వంతెనది కాదు, యంత్రానిదని ఆయన నివేదిక రాశాడు. యంత్రాన్ని మరమ్మతుకు పంపారు. అక్కడ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేరును తీసేసి, ఎరుపు పూర్తిగా నయమైందని ధ్రువపత్రంతో తిప్పి పంపారు. డైరెక్టరుగారు వంతెనమ్మ వైపు జాలిగా చూసి, “పోన్లే అమ్మా, పెద్ద గండం గడిచింది,” అన్నాడు. ఆయన అన్నది యంత్రం గురించి. దూలాల ఊసు ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

వంతెన తయారైంది. నీలం రంగు వేశారు. ప్రారంభం రోజున పెద్దలంతా వచ్చి రిబ్బను కత్తిరించి, మెట్లెక్కి, ఒకరి వెనక ఒకరు ఎంతో నిదానంగా నడిచి, అవతల దిగారు. యోగ్యతాధికారి మాట్లాడుతూ, సరైన పరికరం సరైన చేతికి అందితే ఎంతటి వంతెనైనా నిలుస్తుందని చెప్పాడు. వంతెనమ్మకు పూలగుత్తి ఇచ్చారు. ఆవిడ దాన్ని మెట్ల పక్కన పెట్టి, మొదటి మెట్టు దగ్గర రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడింది.

గంట కొట్టారు. పిల్లలు వరద వచ్చినట్టు వచ్చారు.

“పరిగెత్తకండర్రా. కొద్దికొద్దిమందే వెళ్ళాలి. వాళ్ళు దిగాక మీరు.”

ఆ గుంపులోంచి కూతురు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “అమ్మా, అందరూ నవ్వుతున్నారు. ఇంటికి పో,” అంది.

“నవ్వనీవే. కిటికీ సీటు లేకపోతే నిలబడి వెళ్ళు,” అంది వంతెనమ్మ. రేపు కూడా రావాలి, ఎల్లుండి కూడా. బడి ఉన్నన్నాళ్ళూ ఈ గంట కొడుతూనే ఉంటుంది.

సగం మందిని దాటించాక ఆవిడ పక్కకు చూసింది. యోగ్యతాధికారి బడి గేటు లోంచి తన మనవరాలి చెయ్యి పట్టుకుని వస్తున్నాడు. మెట్లవైపు రాలేదు. తిన్నగా రోడ్డు మీదికి దిగి, ఎదురుగా వస్తున్న బస్సుకు అరచెయ్యి చూపించి ఆపుతున్నాడు.

“పైన వంతెనుంది కదండీ?” అని పిలిచింది వంతెనమ్మ.

ఆయన వెనక్కి తిరిగాడు. ఎప్పటిలాగే మర్యాదగా నవ్వాడు. “వంతెన మీద నాకు పూర్తి నమ్మకముందమ్మా. పిల్లదానికే, ఎత్తంటే కాస్త భయం.”

“నాకేం భయం లేదు తాతయ్యా,” అంది మనవరాలు.

యోగ్యతాధికారి ఆ వాంగ్మూలాన్ని నమోదు చేసుకోలేదు.