ఇరవై నాలుగు డిగ్రీల చలి

ఉదయభాస్కర్ గారి భార్య సత్యవాణి రోహిణి కార్తెలో స్వెట్టర్ వేసుకుని కారెక్కిందట. ఎదురింటి బేబీ గారు కళ్ళారా చూశారట. ఆవిడ పాలకేంద్రం దగ్గర చెప్పగా విన్న అచ్చాయమ్మ గారు, సాయంత్రానికి దాన్ని చలిజ్వరం చేసి, తెల్లారేసరికి మొగుడూ పెళ్ళాల్ని కాశ్మీరు పంపించేశారు.

స్వెట్టర్ నిజం. మిగతా రెండూ అబద్ధం. ఆ కారు ఏసీలో సెన్సార్ పోయింది, అంతే. పోవడమే మంచిదయింది! అసలు నన్నడిగితే ఊళ్ళో ప్రతి కారుకీ ఆ సెన్సార్ పోవాలి.

నవ్వకండి. పల్లెటూళ్ళో కారు కొన్నవాడి బతుకు మీకు తెలుసా? భీమవరం బయల్దేరాడని తెలిస్తే చాలు, వెనక సీట్లో నలుగురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, ఎవరి ఒళ్ళోనో ఒక కోడిపుంజు. అలాంటిది, ఉదయభాస్కర్ గారి కారెక్కిన పల్లంరాజు గారు పావుగంటకే పళ్ళు టకటకలాడించి, మధ్యదారిలో దిగిపోయి, మిగతా దూరం ఎండలో హాయిగా నడిచి వెళ్ళారు. ఆ తర్వాత లిఫ్ట్ అడిగినవాడు లేడు! ఎవరికీ లేదనకుండా అందర్నీ వదిలించే యంత్రం ఇంకెక్కడైనా దొరుకుతుందా?

ఉదయభాస్కర్ గారి చెరువుల్లోని రొయ్యల శాంపిల్ ల్యాబుకు పట్టుకెళ్ళాలంటే ఇప్పుడు ఐసు కూడా అక్కర్లేదు. ముందు సీట్లో కూర్చోబెడితే చాలు.

ఒక్క సత్యవాణికే ఈ వరం వంటబట్టలేదు. ఆవిడకు కుడి భుజం పట్టేసి మూడు నెలలు. చెయ్యెత్తి జడ వేసుకోలేదు. వారానికి రెండుసార్లు భీమవరంలో ఫిజియోథెరపీ. అక్కడ గంటసేపు కాపడం పెట్టి వదులు చేసిన భుజం, ఇంటికొచ్చే అరగంటలో కారులో మళ్ళీ కొయ్యబారేది. ఇలాగే బిగుసుకుంటూ పోతే ఆపరేషన్ తప్పదని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

చలేస్తోందండీ అని ఆవిడ అన్నప్పుడల్లా ఆయన డాష్‌బోర్డు మీది అంకె చూపించేవారు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగులో మనిషికి చలెలా వేస్తుంది? పోనీ ఏసీ కట్టేయమంటే, ఆటో మోడ్‌లో ఉన్నదాన్ని మనం ముట్టుకోకూడదట. దాని పని అది చూసుకుంటుందట.

ఒకరోజు ఆవిడ చెరువు నీళ్ళ వేడి చూసే థర్మామీటర్ తెచ్చి సీటు మీద పెట్టింది. పదిహేడు! ఆయన ఏమాత్రం తొణకలేదు. అది నీళ్ళకు అలవాటుపడిన థర్మామీటరట. గాలి సంగతి దానికేం తెలుస్తుంది?

ఆయన్ని మొద్దు మనిషి అనుకునేరు, పాపం తగులుతుంది! రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే చెక్‌ట్రేలో పిడికెడు మిగిలితే చాలు, రొయ్యకు ఒంట్లో బాగాలేదని పసిగట్టి పది చోట్లకు ఫోన్లు చేస్తారు. రొయ్య నోరు తెరిచి ఏదీ చెప్పదు కదా, అందుకని ఆయనే కనిపెట్టుకోవాలి. భార్యంటారా, ఆవిడ నోరు తెరిచి చెబుతూనే ఉంటుంది. ఇంకా కనిపెట్టడానికేముంది?

చివరికి ఓ ఆదివారం ఆయనకే తుమ్ములు పట్టుకున్నాయి. సోమవారం పొద్దున్నే, ఫిజియోథెరపీకి బయల్దేరిన సత్యవాణితో సహా, కారు మెకానిక్ విజయ్ పాల్ షెడ్డులో ఉంది.

విజయ్ పాల్ మిషన్ తగిలించి చూశాడు. లోపల నలభై ఒక్క డిగ్రీలు మండిపోతోందని సెన్సార్ చెబుతోంది. ఏసీ ఆ మాట నమ్మి, ఆర్పడానికి వచ్చిన ఫైరింజన్‌లా పనిచేస్తోంది. స్టీరింగ్ పక్కన చిన్న కన్నాల జల్లెడ ఒకటుంది. దాని వెనకున్న బుల్లి ఫ్యాను కారులోని గాలిని పీల్చి సెన్సార్‌కు అందించాలి. జల్లెడ ఊడదీస్తే గుప్పెడు అగరొత్తి పుల్లలు రాలాయి, బూడిదతో సహా. ఫ్యాను తిరగడం ఎప్పుడో మానేసింది. గాలి అందని సెన్సార్, డాష్‌బోర్డు వేడినే కారు వేడి అనుకుంటోంది.

పొద్దున్నే చెరువుకు వెళ్ళేముందు బండిలో అగరొత్తి వెలిగించడం ఉదయభాస్కర్ గారి నియమం. పుల్ల సరిగ్గా పట్టే కన్నాలాయె! మన ఆచారం తెలిసిన కంపెనీ అని ఇన్నాళ్ళూ పదిమందిలో మెచ్చుకున్నారు కూడా.

"మరి ఇరవై నాలుగు చూపిస్తోందిగా?" అన్నారాయన, పట్టు వదలకుండా.

"అది మీరు అడిగిందండి. ఉన్నది కాదండి," అన్నాడు విజయ్ పాల్.

ఫ్యానుతో సహా కొత్త సెన్సార్ పెట్టి అతను స్క్రూలు బిగిస్తుంటే, ఉదయభాస్కర్ గారికి బండి మీద జాలి పొంగుకొచ్చింది. బానెట్ మీద చెయ్యేసి నిమిరారు. భార్య వైపు తిరిగారు.

"చూశావా, బండి తప్పేం లేదు. లోపల చలిగా ఉందని దానికి చెప్పేవాళ్ళేరీ?"

సత్యవాణి ఎడంచేత్తో తలుపు తీసుకుని సీట్లో కూర్చుంది.

"దానికైతే చెప్పేవాళ్ళు లేరండి. మీకు మూడు నెలల్నుంచీ నేను చెబుతూనే ఉన్నానుగా."