అధ్యక్షులవారి మీసం

గణతంత్రంలో సర్వాధికారాలూ అధ్యక్షులవారివే. వాటిని వినియోగించే శ్రమ ఒక్కటే ఇతరులది. సైన్యాలు ఆయన పేరున కదులుతాయి, న్యాయమూర్తులు ఆయన పేరున కొలువుదీరుతారు, ఉరికంబం మెట్లెక్కినవాడు ఆయన పేరున దిగి వస్తాడు. ఏటా చట్టసభను ప్రారంభిస్తూ ఆయన "నా ప్రభుత్వం" అని గంభీరంగా చదువుతారు (ఆ ప్రసంగాన్ని సదరు ప్రభుత్వమే రాసి పంపుతుంది; ఎక్కడ ఆగి మంచినీళ్లు తాగాలో కూడా అంచున గుర్తు పెట్టి ఉంటుంది).

ఇంతటి మహనీయుడి తలను రోజూ పొద్దున్నే అటూ ఇటూ తిప్పగలిగినవాడు ఆస్థాన క్షురకుడు. (ప్రధానమంత్రి కూడా తిప్పగలరు గాని, అందుకు ఆయన కుర్చీ వెనక నిలబడనక్కర్లేదు.)

ఒకనాటి ఉదయం నురగ పట్టించుకుంటూనే అధ్యక్షులవారు, "ఈ మీసం తీసెయ్యవయ్యా," అన్నారు.

క్షురకుడి చేతిలో కత్తి గాలిలోనే నిలిచిపోయింది. అది సామాన్యమైన మీసం కాదు. న్యాయస్థానాల్లో, ఠాణాల్లో, తపాలా కార్యాలయాల్లో గోడ మీది పటంలోంచి యావత్ ప్రజానీకాన్నీ గదమాయిస్తున్న మీసం.

"ఎందుకయ్యా? నేనేమన్నా వంకరగా కత్తిరించానా?"

"నీ తప్పేం లేదు. మా మనవరాలు సెలవులకి వచ్చింది. దగ్గరికి తీసుకుంటే 'గుచ్చుతోంది తాతయ్యా' అని పారిపోతోంది. నిన్న గేటు దగ్గర జవానుకి ముద్దు పెట్టింది. నా కళ్ల ముందే! వాడికి మీసం లేదు."

మనవలున్నవాడు కనక క్షురకుడి గుండె కరిగింది. ఉద్యోగం ఉన్నవాడు కనక చెయ్యి కదల్లేదు.

"కొసలు కుదించడం వరకూ నా చేతిలో పనయ్యా. మొత్తం తియ్యాలంటే పైవాళ్లు చెప్పాలి."

"నాకు పైన ఎవరున్నారయ్యా?"

"అదే తెలియక భయపడుతున్నానయ్యా."

కార్యదర్శిని పిలిపించారు. ఆయన పరిస్థితిని విశదీకరించారు. అధ్యక్షులవారి ముఖం పటాన్ని పోలి ఉండడం రాజ్యస్థిరత్వానికి మూలాధారం. మీసం పోతే పటంలో ఉన్నది ఎవరు, సంతకం చేస్తున్నది ఎవరు అన్న సంశయం పుడుతుంది. కావున ఇది కేశాలంకరణ కాదు, విధాన నిర్ణయం. మంత్రిమండలి సలహా తప్పనిసరి.

మంత్రిమండలి సమావేశమై, విశాల జాతి ప్రయోజనాల దృష్ట్యా మీసం కొనసాగవలసిందిగా సలహా ఇచ్చింది. సలహా నచ్చకపోతే పునఃపరిశీలనకు ఒక్కసారి తిప్పి పంపే హక్కు అధ్యక్షులవారికి ఉంది. ఆయన ఆ హక్కును సగర్వంగా వినియోగించారు. మంత్రిమండలి సగౌరవంగా పునఃపరిశీలించి, పాత సలహానే తిరిగి పంపుతూ, కొసలు మరికాస్త పైకి ఉంటే బాగుంటుందని ఒక వాక్యం చేర్చింది. రెండోసారి వచ్చిన సలహాను కాదనే వీల్లేదు. ఆయన సంతకం చేశారు. మర్నాటి ఉదయం క్షురకుడు కొసలు పైకి దువ్వుతుంటే అద్దంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు.

సంగతి బయటికి పొక్కింది. కుడి కొస ఎడమ కొస కంటే పొడవుగా ఉందనీ, ఇది పాలక పక్షం పట్ల మొగ్గు చూపడమేననీ ప్రతిపక్షం సభను స్తంభింపజేసింది. సభాసంఘం క్షురకుణ్ణి పిలిచి కూర్చోబెట్టింది.

"పొడవు మీరు పెంచారా, దానంతటదే పెరిగిందా?" అని అధ్యక్షస్థానంలోని సభ్యుడు గద్దించాడు.

"మీసం కదండీ, అదే పెరిగింది."

"ఎవరి సలహా మీద?"



చివరికి ఆ మీసం ఎవరి సొత్తన్న వివాదం న్యాయస్థానం ముందుకు వచ్చింది. సుదీర్ఘ వాదనలు ఆలకించిన ధర్మాసనం, చర్మానికి పైన కనిపించే భాగం పదవికీ, లోపలి కుదుళ్లు వ్యక్తికీ చెందుతాయని విస్పష్టంగా తేల్చిచెప్పింది (అందుచేత దురద మాత్రం పూర్తిగా వ్యక్తిగతం).

సెలవులు ముగింపుకొచ్చాయి. గడ్డం గీసే గదిలోకి కూతురు వచ్చి, పెట్టెలు సర్దడం అయిందని చెప్పింది.

"ఓసారి పాపని పిలవవే," అన్నారు అధ్యక్షులవారు.

"రానంటోంది నాన్నా. ఖైదీకి ఉరి తప్పిస్తావు, నా కూతురికి గుచ్చుకోవడం తప్పించలేవా?"

క్షురకుడు సబ్బు గిన్నెలోకి తల దించుకున్నాడు. అధ్యక్షులవారు కార్యదర్శిని పిలిచారు.

"ఏమయ్యా, ఎవర్నీ అడక్కుండా నా అంతట నేను సంతకం పెట్టగలిగే కాగితం ఈ దేశంలో ఒక్కటైనా ఉందా?"

"ఒకటుంది సార్."

"ఏమిటది?"

"రాజీనామా సార్."

సంపూర్ణ స్వాధికారంతో అధ్యక్షులవారు చేసిన ఆ మొదటి సంతకం కొట్టివేతల్లేకుండా, ముత్యంలా వచ్చింది. సిరా ఆరేదాకా ఆగి, క్షురకుడు కత్తి పదును చూసుకుని, "ఇప్పుడు తమరికి పైన ఎవరూ లేరయ్యా," అన్నాడు.

మనవరాలు తలుపు చాటునుంచి తొంగిచూసి, దగ్గరికొచ్చి, పైపెదవిని వేలితో తడిమి, బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టింది. "జవాను మామ కంటే నున్నగా ఉన్నావు తాతయ్యా!"

మధ్యాహ్నం ముగ్గురూ పెట్టెలతో గేటు దాటబోతుంటే జవాను ముఖం పోల్చుకోలేక ఆపి, మీరెవరని అడిగాడు. "ఈ పాప తాతని," అన్నారాయన, ఆ పదవికి ఎవరి సలహా అక్కర్లేదన్న ధీమాతో.

లోపల గిడ్డంగి అధికారి న్యాయస్థానం తీర్పును అక్షరాలా అమలుచేస్తూ, పదవికి చెందిన భాగాన్ని రుమాలులోకి ఎత్తించి, కడిగించి, దువ్వించి, పళ్లెంలో భద్రపరిచాడు.

మర్నాడు ఉపాధ్యక్షులవారు పగ్గాలు చేపట్టారు. ఆయనకు యౌవనం నుంచీ మీసం లేదు. దేశమంతటా పటాలు మార్చడం కంటే ఒక్క ముఖాన్ని మార్చడం పొదుపని మంత్రిమండలి అప్పటికే సలహా పంపింది. కొత్తవారు కుర్చీలో ఠీవిగా వెనక్కి వాలి, "ఇంతకీ ఈ పదవిలో నా అధికారాలేమిటయ్యా?" అని ఉత్సాహంగా అడిగారు.

క్షురకుడు జిగురు డబ్బా మూత తీశాడు.

"ముందు కాసేపు నోరు కదపకండయ్యా. ఆరాలి."